హౌస్ సంగీతంలో ప్రొడ్యూసర్‌గా, డీజేగా నిలదొక్కుకోవడం ఎలా

క్లబ్బుల్లో నృత్యం కోసం యంత్రాలతో తయారుచేసే హౌస్ సంగీతాన్ని వృత్తిగా ఎంచుకున్నవారు రెండు పనులు నేర్చుకోవలసి ఉంటుంది: ట్రాక్‌లు తయారు చేయడం, వాటిని జనం ముందు వాయించడం. మొదటి పని చేసేవారిని ప్రొడ్యూసర్ అంటారు. సినిమాలకు డబ్బు పెట్టే నిర్మాతకూ ఈ మాటకూ సంబంధం లేదు; డ్రమ్ములు, బేస్ (కింది స్థాయి స్వరాలు), కీబోర్డు స్వరాలు, గొంతు అన్నిటినీ కూర్చి, వాటి ధ్వనిని సరిచూసి, ట్రాక్‌ను మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా రూపొందించే వ్యక్తి అని ఇక్కడి అర్థం. రెండో పని డీజేది. చాలామంది ఈ రెండింటినీ వేరువేరు చదువులుగా భావించి, ముందు ఒకటి పూర్తిచేశాక రెండోదాని సంగతి చూద్దామనుకుంటారు. నా అనుభవంలో అది కాలహరణం. డాన్స్ ఫ్లోర్ మీద ఏది నిలుస్తుందో తెలియనివారు స్టూడియోలో ఎంత శ్రమించినా ట్రాక్ కుదరదు. ట్రాక్ లోపల ఏమేమి ఉన్నాయో తెలియనివారు రెండు ట్రాక్‌లను కలిపితే అతుకు వినబడుతుంది. అందువల్ల ఈ రెండు పనులనూ మొదటి రోజు నుంచే పక్కపక్కన నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం, ఈ వ్యాసం కూడా ఆ క్రమంలోనే సాగుతుంది.

ముందు చెవికి పని చెప్పడం

ఈ సంగీతం పుట్టిన తీరు తెలిస్తే దాని నిర్మాణం సగం అర్థమవుతుంది. అమెరికాలోని చికాగో నగరంలో 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బుకు న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకల్స్ ఆస్థాన డీజే అయ్యారు. హౌస్ అన్న పేరు ఆ క్లబ్బు పేరు నుంచే వచ్చిందని సాధారణంగా చెబుతారు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతీయులు, లాటినోలు, స్వలింగ సంపర్కులు. బయట తమకు దొరకని చోటును వారు ఆ నేల మీద వెతుక్కున్నారు. 1979 జూలై 12న అదే నగరంలోని కొమిస్కీ పార్క్ స్టేడియంలో డిస్కో రికార్డులను పేల్చివేసిన ఘటన జరిగింది. ఆ కాలంలోనే పెద్ద కంపెనీలు డిస్కో మీద ఆసక్తి తగ్గించుకోవడంతో డీజేలకు కొత్త నృత్య సంగీతం కరువైంది. ఉన్న పాటలనే టేపు మీద కత్తిరించి, అతికించి, నృత్యానికి పనికివచ్చే భాగాలను పొడిగించి, వాటి కింద డ్రమ్ మెషీన్ దెబ్బలు చేర్చి వాయించడం ఆ కరువులోంచి వచ్చిన ఉపాయం. 1984లో చికాగో డీజే జెస్సీ సాండర్స్ విడుదల చేసిన రికార్డును తొలి హౌస్ రికార్డుగా చాలామంది లెక్కిస్తారు.

ఇదంతా చెప్పడంలో ఉద్దేశం ఒకటే. ఈ సంగీతాన్ని మొదట తయారు చేసినవారు డీజేలు, డాన్స్ ఫ్లోర్ మీద నిలబడి విన్న యువకులు. తమ ఫ్లోర్‌కు ఏమి కావాలో వారికి తెలుసు, అది దొరకనప్పుడు తామే తయారు చేసుకున్నారు. మీరూ అదే దారిలో నడవాలి.

కనుక మొదటి నెల ఏమీ కొనకండి, ఏమీ తయారు చేయకండి. మీకు బాగా నచ్చిన మూడు ట్రాక్‌లు తీసుకుని, కాగితం మీద వాటి పటం గీయండి. హౌస్‌లో నాలుగు బీట్లు కలిస్తే ఒక బార్. మన తాళ పరిభాషలో ఆవర్తం అనుకోవచ్చు. నిమిషానికి 124 బీట్ల వేగంతో నడిచే ట్రాక్‌లో ఒక బార్ రెండు సెకన్లకు కాస్త తక్కువ, 32 బార్లు సుమారు 62 సెకన్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేళ్ల మీద లెక్కపెడుతూ, హై-హ్యాట్ (జంట పళ్లేల ఛిక్ శబ్దం) ఏ బార్‌లో చేరింది, బేస్ ఎప్పుడు వచ్చింది, కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఎక్కడ ఆగింది, తిరిగి ఎప్పుడు పడింది అన్నది రాసుకోండి. మార్పులు దాదాపు ఎప్పుడూ 8, 16, 32 బార్ల హద్దుల మీదే జరుగుతాయని రెండో ట్రాక్‌కే తెలిసిపోతుంది. ఈ లెక్క ఒంటికి పట్టాక, లెక్కపెట్టకుండానే తర్వాతి మార్పు ఎప్పుడు వస్తుందో శరీరం ముందుగా చెబుతుంది. డీజే పనికి అదే పునాది.

పరికరాల గురించి క్లుప్తంగా

ఒక మామూలు కంప్యూటర్, ఏబుల్టన్ లైవ్, లాజిక్ ప్రో, ఎఫ్ఎల్ స్టూడియో వంటి సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్‌లలో ఏదో ఒకటి, నమ్మదగిన హెడ్‌ఫోన్లు, చిన్న కీబోర్డు ఉంటే పని మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఏది మంచిది అన్న చర్చకు సమయం ఇవ్వవలసిన పని లేదు; స్నేహితులలో ఎవరికైనా ఒకటి తెలిసి ఉంటే అదే తీసుకోండి, సందేహం వచ్చినప్పుడు అడగవచ్చు. స్పీకర్లు కొన్నప్పుడు వాటిని గది మూలల్లో పెట్టకండి, బేస్ లేనిపోని బరువుతో వినిపిస్తుంది. డీజే సాధనకు రెండు ట్రాక్‌లను కలిపి నడిపే రెండు చానెళ్ల చిన్న కంట్రోలర్ చాలు. చికాగో తొలి తరం ప్రొడ్యూసర్ లారీ హర్డ్ 1986 నాటికి ఒకటి రెండు సింథసైజర్లతో, డ్రమ్ మెషీన్‌తో చేసిన సంగీతాన్ని ఈనాటికీ విద్యార్థులు విని నేర్చుకుంటున్నారు. మీ ముందున్న కంప్యూటర్‌లో ఆయనకు లేని సౌకర్యాలు ఎన్నో ఉన్నాయి.

కిక్, బేస్ కుదిరే చోటు

హౌస్ వేగం ఎక్కువగా నిమిషానికి 118 నుంచి 128 బీట్ల మధ్య ఉంటుంది. ప్రతి బీట్ మీదా కిక్ పడుతుంది. రెండో, నాలుగో బీట్ల మీద క్లాప్ (చప్పట్ల శబ్దం). రెండు కిక్‌ల నడిమధ్యన తెరిచిన హై-హ్యాట్. ఈ మూడింటితోనే తల ఊగాలి. ఊగకపోతే నాలుగోది చేర్చి ప్రయోజనం లేదు.

ఊగడం వెనక ఉన్న రహస్యం చాలావరకు స్వింగ్‌లో ఉంది. ఒక బీట్‌ను నాలుగు భాగాలు చేస్తే, వాటిలో రెండో, నాలుగో భాగాలను కాస్త ఆలస్యంగా పడేట్టు చేయడమే స్వింగ్. 50 శాతం అంటే అన్నీ సమానం. 66 దగ్గర త్రిశ్ర గతిలా వినిపిస్తుంది. హౌస్‌కు తరచుగా 54 నుంచి 58 దాకా సరిపోతుంది. 124 బీట్ల వేగంలో 56 శాతం స్వింగ్ అంటే ఆ చిన్న దెబ్బ దాదాపు 15 మిల్లీసెకన్లు వెనక్కి జరుగుతుంది. అంకెగా చూస్తే ఏమీ కాదు, విన్నప్పుడు మాత్రం బిగుసుకుపోయిన లయ నడుము తిప్పినట్టు అవుతుంది. ఒకే లూప్‌ను (తిరిగి తిరిగి మోగే ముక్కను) 50లో, 54లో, 58లో వరుసగా వినండి. ఆ తేడా చెవికి అందాక హై-హ్యాట్ దెబ్బల గట్టితనాన్ని ఒక్కొక్కటిగా మార్చండి, ఏ రెండు పక్కపక్క దెబ్బలూ ఒకే బలంతో ఉండకూడదు.

ఇక అసలు కష్టం కిక్‌కూ బేస్‌కూ మధ్య ఉంటుంది. రెండింటి శక్తీ సుమారు 40 నుంచి 120 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ఇరుకు ప్రదేశంలోనే నివసిస్తుంది. రెండూ ఒకేసారి గట్టిగా పలికితే, ఒకదాన్నొకటి మింగేసి పెద్ద స్పీకర్ల మీద గుయ్యిమనే బురద మోత మాత్రమే మిగులుతుంది. కొత్తవారు ఇక్కడ ఈక్వలైజర్ (ధ్వనిలో ఏ స్థాయి ఎంత వినబడాలో సరిచేసే పరికరం) మీద గంటలు ఖర్చు చేస్తారు. నేను చెప్పేది ముందు కాలం లెక్క చూసుకోమని. 124 వేగంలో ఒక కిక్ నుంచి తర్వాతి కిక్ దాకా 484 మిల్లీసెకన్లు; వాటి నడిమి బిందువు 242 దగ్గర వస్తుంది. కిక్ తోక 300 మిల్లీసెకన్ల దాకా సాగుతూ, బేస్ స్వరం 242 దగ్గర మొదలవుతుంటే ఘర్షణ తప్పదు. కిక్ తోకను 200 లోపల ఆపండి. బేస్ స్వరాలను వీలైనంతవరకు కిక్ పడని చోట్ల రాయండి. కిక్ పడిన క్షణంలో బేస్ కాస్త తగ్గేట్టు సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టండి. ట్రాక్ ఎ మైనర్‌లో ఉంటే 55 హెర్ట్జ్ దగ్గర ఎ స్వరం ఉంటుంది గనుక, కిక్ శ్రుతి దానికి దగ్గరగా ఉందో లేదో విని చూసుకోండి. ఇన్ని చేశాక ఈక్వలైజర్‌కు మిగిలే పని చాలా తక్కువ. చివరగా మొత్తాన్ని మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా ఒకటిగా కలిపి, వినండి. బేస్ బలం తగ్గిపోతే, కింది స్వరాలకు ఎక్కడో స్టీరియో వెడల్పు ఇచ్చారన్నమాట. తీసేయండి.

స్వరాల విషయంలో హౌస్‌కు ఒక ప్రత్యేకమైన వాసన ఉంది. మైనర్ సెవెంత్, నైన్త్ అనే కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) ఎక్కువగా వినిపిస్తాయి. ఒక కార్డును మొత్తంగా శాంపిల్ చేసి (ముక్కగా రికార్డు చేసుకుని), కీబోర్డులో వేరువేరు మెట్ల మీద వాయించడం వల్ల, కార్డు ఆకారం మారకుండా పైకీ కిందకీ జారుతున్న ధ్వని పుట్టింది. సంగీత పాఠశాలలో దీన్ని తప్పంటారేమో, హౌస్‌లో మాత్రం అదే అందం. గొంతు వాడదలచుకుంటే గాస్పెల్ (అమెరికా నల్లజాతి చర్చిల భక్తి గానం) వారసత్వాన్ని గౌరవించండి: మాటలు తక్కువ, పునరావృతి ఎక్కువ, ప్రతిసారీ భావంలో చిన్న మార్పు.

ఎనిమిది బార్ల ఉచ్చు

ఎనిమిది బార్ల లూప్ అద్భుతంగా కుదిరి, మూడు నెలలైనా ట్రాక్ కాకుండా ఉండిపోవడం అందరికీ జరిగేదే. లూప్ తిరుగుతున్నంతసేపు చెవికి అది అలవాటైపోయి ఇంకా ఏదో చేర్చాలనిపిస్తుంది. దీనికి మందు తీసివేయడంలో ఉంది. లూప్‌లో ఉన్నవన్నీ ఆరు నిమిషాల పొడవునా కాపీ చేసి, మీరు గీసుకున్న పటం పక్కన పెట్టుకుని, శిల్పి రాతిని చెక్కినట్టు ఎక్కడ ఏది ఉండకూడదో చెరిపేస్తూ రండి. మొదటి 32 బార్లలో డ్రమ్ములే ఉండనివ్వండి, ఎందుకంటే ఆ నిమిషంలోనే మరో డీజే మీ ట్రాక్‌ను ముందున్నదానితో కలుపుతారు. చివరి 32 బార్లూ అలాగే ఖాళీ చేయండి. మధ్యలో ఒక చోట కిక్‌ను ఆపి ఊపిరి పీల్చుకోనివ్వండి, కానీ ఆ విరామం మరీ సాగితే ఫ్లోర్ చల్లబడుతుంది. ప్రతి ఎనిమిది బార్లకూ ఒక చిన్న మార్పు చాలు: ఒక షేకర్ చేరడం, ఫిల్టర్ కొద్దిగా తెరుచుకోవడం, క్లాప్ ఒక్క బీట్ తప్పుకోవడం.

ప్రతి ట్రాక్‌కూ గడువు పెట్టుకోండి. రెండు వారాల్లో పూర్తి కానిదాన్ని ఉన్నదున్నట్టుగా ముగించి, ఫైలుగా తీసి, తర్వాతిది మొదలుపెట్టండి. మొదటి ఇరవై ట్రాక్‌లు ఎవరికీ పంపవలసినవి కావు, పూర్తిచేయడం నేర్పేవి.

మిక్స్ చేసేటప్పుడు (ట్రాక్‌లోని ధ్వనుల పాళ్లు కుదిర్చేటప్పుడు) విడుదలైన మంచి ట్రాక్ ఒకదాన్ని పక్కన పెట్టుకుని, దాని శబ్దాన్ని మీ ట్రాక్ స్థాయికి తగ్గించి పోల్చండి. తగ్గించకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. అత్యధిక స్థాయిని మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచి, మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే చివరి ధ్వని సవరణ) వీలైతే మరొకరి చేత చేయించండి. ఆ ట్రాక్‌ను వందసార్లు వినని చెవి ఒక్కటైనా దాని మీద పడాలి.

డీజే బల్ల దగ్గర

బీట్లు కలపడం, రెండు ట్రాక్‌ల వేగాన్ని యంత్రమే కలిపేసే సింక్ బటన్ లేకుండా నేర్చుకోండి. వృత్తిలో సింక్ వాడడం నేరమేమీ కాదు, కానీ పాత డిస్కో రికార్డులో మనిషి వాయించిన డ్రమ్ములు ముందుకూ వెనక్కూ ఊగుతున్నప్పుడు, లేదా కంప్యూటర్ లెక్క తప్పినప్పుడు చెవి ఒక్కటే దిక్కు. 1972లో మొదలై డీజేల ప్రామాణిక యంత్రంగా మారిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ మీద వేగాన్ని మార్చే మీట, పిచ్ ఫేడర్, 8 శాతం పైకీ కిందకీ జరుగుతుంది. 124 వేగపు ట్రాక్‌ను 126కు తేవడానికి 1.6 శాతం చాలు. శ్రుతిని స్థిరంగా ఉంచే సౌకర్యం వాడకపోతే, దాదాపు 6 శాతం మార్పుకు శ్రుతి ఒక అర స్వరం జరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఒక కలయికను దగ్గర నుంచి చూద్దాం. మొదటి ట్రాక్ చివరి 32 బార్లలోకి అడుగుపెట్టబోతోంది. రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో సిద్ధం చేసి, దాని బేస్ నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి ఉంచారు. మొదటి ట్రాక్‌లో కొత్త 32 మొదలయ్యే మొదటి బీట్ మీద రెండోదాన్ని వదిలారు. ఫేడర్‌ను ఎనిమిది బార్లలో నెమ్మదిగా పైకి తెచ్చారు. హై-హ్యాట్‌లు రెండూ కలిసి గుర్రపు డెక్కల్లా రెండుగా వినిపిస్తే జాగ్ వీల్‌ను (ట్రాక్‌ను కాస్త ముందుకూ వెనక్కూ జరిపే చక్రాన్ని) వేలితో కొద్దిగా తాకి సరిచేశారు. పదహారో బార్ ముగిసి పదిహేడో బార్ మొదటి కిక్ పడే క్షణంలో, ఎడమచేత్తో మొదటి ట్రాక్ బేస్‌ను తీసేసి, కుడిచేత్తో రెండోదాని బేస్‌ను పూర్తిగా ఇచ్చారు. ఫ్లోర్ మీద ఉన్నవారికి పాట మారినట్టు అనిపించదు, కాళ్ల కింద నేల కొత్తగా కదిలినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత పదహారు బార్లలో మొదటి ట్రాక్‌ను మెల్లగా తప్పించారు. రెండు బేస్‌లు ఒకేసారి పలకకూడదు, మార్పు బార్ల హద్దు మీదే జరగాలి. ఈ ఒక్క కలయికను వందసార్లు సాధన చేస్తే మిగతా పద్ధతులు వాటంతటవే వస్తాయి.

శ్రుతి పొసగడం కోసం చాలామంది, ఏ శ్రుతికి ఏది కలుస్తుందో అంకెలతో చూపే కామెలాట్ చక్రం వాడతారు. 8ఎ అని గుర్తున్న ట్రాక్‌కు 7ఎ, 9ఎ, 8బి పొసగుతాయి. ఉపయోగకరమే, కానీ ట్రాక్ ఎంపికను ఆ అంకెలకు వదిలేస్తే సెట్ చప్పబడుతుంది. సందర్భానికి తగిన ట్రాక్ శ్రుతి కుదరనిదైతే, డ్రమ్ములు మాత్రమే ఉన్న భాగంలో కలిపితే సరిపోతుంది. మిక్సర్ మీద ఎర్ర దీపాలు వెలగనివ్వకండి; శబ్దం పెంచడం సౌండ్ ఇంజనీర్ పని, ఎరుపులోకి వెళ్తే పెరిగేది వక్రీకరణే.

మీ సంగీతాన్ని రెండు యూఎస్‌బీలలో ఒకే విధంగా భద్రపరచి, పాత ప్లేయర్లూ చదవగలిగేట్టు ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసుకోండి. ఫైళ్లు వేవ్ లేదా ఏఐఎఫ్ఎఫ్, అది కుదరకపోతే 320 కేబీపీఎస్ ఎంపీ3. ఫోల్డర్లకు సంగీత శాఖల పేర్లు కాక సందర్భాల పేర్లు పెట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది: జనం ఇంకా రాని వేళ, మొదటి అడుగులు, నిండిన ఫ్లోర్, చివరి గంట. చీకట్లో, హడావుడిలో, శాఖ పేరు కన్నా సందర్భం పేరు త్వరగా దారి చూపుతుంది.

మొదట్లో దొరికేవన్నీ ప్రారంభ సెట్లే. దాన్ని చిన్నతనంగా భావించకండి. ఖాళీ గదిని నింపడం నిండిన గదిని నడపడం కన్నా కష్టం. 118 నుంచి 121 మధ్య మొదలుపెట్టి, గొంతు ఎక్కువగా లేని, ఊపిరి ఉన్న ట్రాక్‌లు ఎంచుకుని, తర్వాత వచ్చే డీజేకు ఎక్కడానికి మెట్లు మిగల్చాలి. వారి ప్రసిద్ధ ట్రాక్‌లను ముందే వాయించి మెప్పు పొందాలనుకునేవారిని ఆ క్లబ్బు మళ్లీ పిలవదు. ప్రారంభ సెట్ మర్యాదగా నడిపిన డీజే పేరు నిర్వాహకుల నోళ్లలో త్వరగా నానుతుంది.

స్టూడియో నుంచి ఫ్లోర్‌కు, ఫ్లోర్ నుంచి స్టూడియోకు

రెండు పనులూ కలిసే చోటు ఇదే. మీ ట్రాక్‌ను పూర్తి కాకముందే సెట్‌లో వాయించండి. పేరు చెప్పకండి, ప్రకటించకండి. మీకు పూర్తి నమ్మకం ఉన్న రెండు ట్రాక్‌ల మధ్య పెట్టండి. అప్పుడు తల వంచుకుని మిక్సర్ వైపు చూడకుండా ఫ్లోర్‌ను చూడండి. బేస్ వచ్చినప్పుడు భుజాలు కదిలాయా, విరామంలో ఎవరైనా నీళ్ల కోసం బయలుదేరారా, కిక్ తిరిగి పడినప్పుడు వారు వెనక్కి వచ్చారా? ముందున్న ట్రాక్‌తో పోలిస్తే కిక్ పలచగా ఉందా? మరునాడు ఉదయం అవన్నీ రాసుకుని, ఫైలు తెరిచి, అక్కడే సరిచేయండి. నా ట్రాక్ ఒకదాన్ని ఈ విధంగా ఐదు రాత్రులు వాయించి, ప్రతిసారీ కొంత తీసేస్తూ వచ్చాను. విడుదలైన రూపంలో మొదట రాసిన స్వరాలలో సగం కూడా లేవు. గదిలో కూర్చుని వాటిని తీసేసే ధైర్యం నాకు ఎన్నటికీ వచ్చేది కాదు.

అయితే ఒక్క రాత్రితో తీర్పు ఇచ్చుకోకండి. రోలాండ్ టీబీ-303 అనే చిన్న బేస్ యంత్రం అమ్ముడుపోక 1984లో తయారీ ఆగిపోయింది. చికాగోకు చెందిన ఫ్యూచర్ అనే సంగీత బృందం దాని నాబ్‌లు తిప్పుతూ పుట్టించిన వింత ధ్వనిని చికాగోలోని మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీ మొదటిసారి వాయించినప్పుడు ఫ్లోర్ ఖాళీ అయిందనీ, ఆయన అదే రాత్రి మళ్లీ మళ్లీ వాయించగా నాలుగోసారికి జనం ఊగిపోయారనీ చెబుతారు. 1987లో రికార్డుగా వచ్చిన ఆ ట్రాక్‌తో యాసిడ్ హౌస్ అనే శాఖే స్థిరపడింది. వింత ధ్వనికి చెవులు అలవాటు పడడానికి సమయం కావాలి. బలహీనమైన మిక్స్‌కు ఎంత సమయం ఇచ్చినా ఫలితం ఉండదు. ఈ రెండింటి తేడాను ఫ్లోర్ మాత్రమే నేర్పుతుంది.

విడుదల, హక్కులు, సంతకం

లేబుళ్లకు (సంగీతాన్ని విడుదల చేసే కంపెనీలకు) పంపేటప్పుడు మూడు ట్రాక్‌లకు మించకండి. వారు ఇటీవల విడుదల చేసినవి విని, మీ ట్రాక్ వాటి పక్కన ఇముడుతుందో లేదో నిజాయితీగా తేల్చుకోండి. ఫైళ్లను జత చేయకుండా ప్రైవేటు లింకు పంపి, మీరెవరో, ఈ ట్రాక్ వారికే ఎందుకు పంపుతున్నారో నాలుగు వాక్యాల్లో రాయండి. ఒకే ఉత్తరాన్ని యాభై మందికి కలిపి పంపితే ఎవరూ వినరు. నెల దాటినా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి ముందుకు సాగండి. ఎవరూ తీసుకోకపోతే బ్యాండ్‌క్యాంప్ అనే ఆన్‌లైన్ వేదికలో సొంతంగా అమ్ముకోవచ్చు. డిజిటల్ అమ్మకాల మీద ఆ సంస్థ వాటా 15 శాతంతో మొదలవుతుంది. డీజేలు కొనుక్కునే బీట్‌పోర్ట్, ట్రాక్స్‌సోర్స్ దుకాణాలకు చేరడానికి లేబుల్ గానీ పంపిణీదారు గానీ అవసరమవుతారు.

సంతకం దగ్గర నిదానించండి. ప్రతి ట్రాక్‌లో రెండు హక్కులున్నాయి: స్వరరచన మీద ఒకటి, రికార్డింగ్ మీద ఒకటి. రికార్డింగ్‌ను లేబుల్‌కు కొన్నేళ్ల లైసెన్సుగా ఇవ్వడం వేరు, శాశ్వతంగా రాసివ్వడం వేరు. మొదటి ట్రాక్ విడుదలవుతోందన్న సంబరంలో నేను కాగితాన్ని పూర్తిగా చదవకుండా సంతకం చేశాను. ఆ ట్రాక్ ఎంత అమ్ముడైందో చెప్పే లెక్క నాకు ఒక్కసారి కూడా రాలేదు, హక్కులు శాశ్వతంగా రాసిచ్చాను గనుక అడిగే దారీ మిగల్లేదు. ఆ ట్రాక్‌ను నేను ఇప్పటికీ వాయిస్తాను, దాని మీద నాకు అధికారం మాత్రం లేదు. చికాగో తొలి తరంలో ఇటువంటివి చాలా జరిగాయి. లారీ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ 1980ల నాటి తమ ట్రాక్‌ల హక్కుల కోసం 2020లో దావా వేయవలసి వచ్చింది, 2022లో రాజీ ద్వారా అవి వారికి తిరిగి దక్కాయి.

కాబట్టి ఒప్పందంలో గడువు ఎన్నేళ్లు, ఏ దేశాలకు, ఆదాయంలో వాటా ఎంత, ఖర్చులు ఎవరి వాటా నుంచి పోతాయి, లెక్కలు ఎన్ని నెలలకొకసారి ఇస్తారు, లేబుల్ మూతపడితే హక్కులు ఎవరికి వస్తాయి అన్న ఆరు ప్రశ్నలకు స్పష్టమైన జవాబు ఉండాలి. చిన్న స్వతంత్ర లేబుళ్లలో ఖర్చులు పోగా చెరి సగం అన్నది తరచుగా కనబడే పద్ధతి. ఎవరితోనైనా కలిసి చేసిన ట్రాక్‌కు వాటాలు ఆ రోజే రాసి ఇద్దరూ సంతకం చేయండి. ట్రాక్ విజయం సాధించాక మాట్లాడుకుందామనుకున్న స్నేహాలు ఎక్కువకాలం నిలవవు. ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ సంఖ్య తీసుకోండి, మీ స్వరరచనలను ప్రదర్శన రాయల్టీ వసూలు చేసే సంఘంలో నమోదు చేయండి, లేకపోతే క్లబ్బులోనూ రేడియోలోనూ వాయించినందుకు రావలసిన సొమ్ము మీ దాకా చేరదు. పాత పాట నుంచి శాంపిల్ తీసుకుంటే పైన చెప్పిన రెండు హక్కులకూ అనుమతి కావాలి. రెండు సెకన్లే కదా అన్న మినహాయింపును నమ్ముకోకండి.

రాత్రుల సంపాదన

ఈ రంగంలో చాలామందికి రికార్డుల అమ్మకం కన్నా ప్రదర్శనల నుంచే ఎక్కువ ఆదాయం వస్తుంది, అదీ మొదట్లో క్రమంగా ఉండదు. అందుచేత వేరే ఉద్యోగాన్ని తొందరపడి వదలకండి. అద్దె భయంతో చేసిన ట్రాక్‌లో ఆ భయమే వినబడుతుంది. ఊరూరా తిరగాలని ఆరాటపడే బదులు ఒకే చోట నెలకొకసారి వాయించే అవకాశం సంపాదించుకోండి. అదే గది, అదే స్పీకర్లు, తిరిగి తిరిగి వచ్చే ముఖాలు ఉంటేనే సాహసాలు చేయగలరు, పూర్తి కాని ట్రాక్‌లను పరీక్షించగలరు.

ప్రతి ప్రదర్శనకూ రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి: తేదీ, సెట్ మొదలయ్యే, ముగిసే వేళలు, పారితోషికం, ముందుగా ఇచ్చే భాగం, రద్దయితే ఎంత, కావలసిన పరికరాలు. ముందుగా సగం అడగడం వాడుకలో ఉన్నదే, మొహమాటపడకండి. ఏజెంటు అవసరం మీరు స్వయంగా ఉత్తరాలకు జవాబివ్వలేనంత పని వచ్చినప్పుడు మాత్రమే. పారితోషికంలో 10 నుంచి 20 శాతం వారి వాటా అవుతుంది. సెట్‌కు ముందు గంట సేపైనా ఫ్లోర్ మీద మామూలు మనిషిలా నిలబడి, ఆ గదిలో బేస్ ఎక్కడ పోగవుతోందో వినండి. సెట్ అయ్యాక ఏ ట్రాక్‌లు వాయించారో రాసి, రాయల్టీ సంఘానికి పంపవలసిన జాబితా ఉంటే ఆ వారంలోనే పంపండి.

చివరిగా చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే, క్లబ్బుల్లో ఆ స్థాయి మామూలు. చెవి ఆకారానికి తగ్గట్టు చేయించిన, అన్ని స్వరాలనూ సమానంగా తగ్గించే ఇయర్‌ప్లగ్‌లు మీరు కొనే మొదటి ఖరీదైన వస్తువు కావాలి, సింథసైజర్ కన్నా ముందు. డీజే బల్ల దగ్గర మానిటర్ స్పీకర్‌ను కలయిక జరిగే నిమిషంలో మాత్రమే పెంచి, వెంటనే తగ్గించండి. ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించుకుని ఆ కాగితాలు దాచుకోండి, తేడా వస్తే తెలుస్తుంది. ప్రదర్శన మర్నాడు మిక్సింగ్ పని పెట్టుకోకండి. అలసిన చెవి పైస్థాయి ధ్వనులను అవసరానికి మించి పెంచేస్తుంది. చెవిలో మోత రెండో రోజుకూ తగ్గకపోతే, ఆ వారం ఒప్పుకున్న సెట్ ఏదైనా ఉన్నా పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవండి.